కప్పు చూడనన్నానా

మొన్న నాకు జలుబు చేస్తే మా ఇంటావిడ వేడినీళ్ళ గిన్నె ముందు కూర్చోబెట్టి, నెత్తిన దుప్పటి కప్పి, "నోరు మూసుకుని ముక్కుతో పీల్చండి" అని చెప్పి వంటింట్లోకి వెళ్ళింది. ఆ చీకట్లో, పసుపు వాసనలో, చెమట కళ్ళలోకి కారుతుంటే ఉన్నట్టుండి బావ గుర్తొచ్చాడు. నవ్వొచ్చింది. నవ్వితే ఆవిరి గొంతులోకి పోయి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. లోపల్నించి మా ఆవిడ, "చూశారా, కఫం కదిలింది!" అని సంబరపడింది. ఏం కదిలిందో ఆవిడకు చెప్పలేదు.

బావ అంటే చుట్టం కాదు. ఆయన ఆదివారం గుడికెళ్ళే క్రైస్తవుడు, నేను రోజూ విభూతి పెట్టుకునేవాణ్ణి. గుంటూరులో ఇద్దరు మగవాళ్ళు ఒకరినొకరు బావా అని పిలుచుకోవడానికి చుట్టరికం అక్కర్లేదు, ఒక టీకొట్టు చాలు. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు. పేరు రాయను. రాస్తే పైనుంచి, "నా పేరుతో కూడా కోతలు కోశావుట్రా" అంటాడు.

విమానం కిటికీలోంచి చీకటిపూట ఊళ్ళ దీపాలు ఫోటోలు తీయడం ఆయన పిచ్చి. వందసార్లు విమానమెక్కాడని, పైలట్లు కూడా పలకరిస్తారని ఊరంతా చెప్పింది నేనే. వంద అబద్ధం. ఏడాదికి ఒకసారో రెండుసార్లో ఎక్కేవాడు, అదీ పెన్షన్లో కాస్త మిగిలినప్పుడు. పైలట్ల మాట పూర్తిగా నా సొంతం. నేను ఏది వడ్డించినా కాస్త నెయ్యి ఎక్కువ పడుతుంది. తర్వాత నేనే ఒప్పుకుంటాను. ఈ వయసులో ఆ అలవాటు పోదు, చదివేవాళ్ళు సర్దుకోవాలి.

బావ నూలుమిల్లులో పత్తి కొనే మనిషి. సీజన్ వస్తే మహారాష్ట్ర దాకా తిరిగి, పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లుల్లో దూది చూసి ధర చెప్పడం ఆయన పని. చిటికెడు దూది తీసుకుని రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి మెల్లగా లాగేవాడు. పోగు ఎంత పొడుగు సాగి తెగుతుందో చూసేవాడు. ఆ పొడుగును పింజ అంటారు. పొడుగు పింజ మంచి నూలవుతుంది, పొట్టి పింజ పరుపుల్లోకి పోతుంది. రిటైరయ్యాక కూడా ఆయన వేళ్ళు ఆ పని మానలేదు. చొక్కా అంచు దారం కనపడితే లాగేవాడు. మైసూరుపాకు తుంచి లాగి చూసేవాడు. మనుషుల్నీ అట్లాగే కొలిచేవాడు. "వాడిది పొట్టి పింజ రా, నాలుగు మాటలు లాగితే తెగుతాడు." నా సంగతి అడిగితే, "నీది పింజ పొడుగే. దూదే లేదు" అనేవాడు. పెళ్ళెందుకు చేసుకోలేదని మా ఆవిడ అడిగితే, "పింజ కుదరలేదమ్మా" అన్నాడు. ఆ మాటకు మించి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

సెల్‌ఫోన్లో బొమ్మను రెండు వేళ్ళతో పెద్దది చేయడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. మొదటిసారి ఫోను చేతికిచ్చినప్పుడే తెరమీద రెండు బొటనవేళ్ళు పెట్టి మెల్లగా విడదీశాడు. బొమ్మ సాగింది. "ఇది మన పనే రా" అన్నాడు సంతోషంగా.

టీకొట్టులో ఆ ఫోటోలు మాకు చూపించేవాడు. "ఇదిగో హైదరాబాదు. పత్తిచేను పగిలినట్టు లేదూ? ఇది మెడ్రాసు. ఇక్కడ దీపాలన్నీ గీత గీసినట్టు ఆగిపోయినాయి చూడు, అదీ సముద్రం." మేం వంగి చూస్తే హైదరాబాదులోనూ మెడ్రాసులోనూ బావ మొహమే కనపడేది. కిటికీ అద్దంలో విమానం లోపలి లైట్ల వెలుగు పడి ముక్కు, కళ్ళజోడు, నెరిసిన జుట్టు, జుట్టునిండా చార్మినారు వీధుల దీపాలు.

"ఊరు బాగుంది బావా. మధ్యలో ఆ గుట్టేమిటి?" అన్నాను ఒకసారి.

"గుట్ట కాదెహె, ముక్కు."

"అంత పెద్దదా? పైనుంచే కనపడుతుందే!"

టీకొట్టు యజమాని నవ్వి నవ్వి పాలు పొంగించాడు. బావ మాత్రం ఆలోచనలో పడ్డాడు. తర్వాతి ప్రయాణానికి నల్ల తువ్వాలు కొనుక్కున్నాడు. కిటికీకి మొహం ఆనించి, నెత్తినుంచి కిటికీ చుట్టూ తువ్వాలు కప్పేస్తే లోపలి వెలుగు అద్దం మీద పడదు. ఆ తర్వాత ఫోటోల్లో ఆయన మొహం పోయింది. దీపాలు మిగిలినాయి.

ఆ తువ్వాలు పని చేస్తున్నప్పుడు చూసే భాగ్యం నాకు దక్కింది. "రారా, మెడ్రాసు చూపిస్తా" అని ఒకసారి నన్ను బయల్దేరదీశాడు. గుంటూరు నుంచి మెడ్రాసుకి రైలుంది. ఎక్కి పడుకుంటే అదే తీసుకుపోతుంది. బావ పద్ధతి వేరు. గుంటూరు నుంచి బస్సులో హైదరాబాదు, అక్కణ్ణుంచి చీకటి పడ్డాక విమానంలో మెడ్రాసు, మళ్ళీ రైల్లో గుంటూరు. ముక్కు చూపించమంటే తలచుట్టూ చెయ్యి తిప్పినట్టు. పైగా ఎప్పుడూ అదే విమానం, అదే దారి, ఎడమచేతి కిటికీయే కావాలి. ఢిల్లీ దీపాలు, బొంబాయి దీపాలు ఆయనకు అక్కర్లేదు. ఇదేం పిచ్చని అడిగితే, "ఈ దారి అలవాటు" అన్నాడు.

విమానం లేచింది. హైదరాబాదు దీపాలు కిందికి జారుతుంటే అందరూ కిటికీలకు అతుక్కున్నారు. బావ ఫోను కూడా తీయలేదు. చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఊరు దాటి, కింద ఏమీ లేని చీకటి వచ్చి, అందరూ కిటికీలు వదిలేసి నీళ్ళకోసం టీకోసం పిలుస్తున్నప్పుడు ఆయన తువ్వాలు తీశాడు. మొహం అద్దానికి ఆనించి ముసుగు వేసుకున్నాడు. బయటికి వీపు మాత్రం కనపడుతోంది, అచ్చం ఆవిరి పడుతున్నట్టు.

విమానంలో పనిచేసే అమ్మాయి పరుగున వచ్చింది. "సర్, ఈజ్ హీ ఓకే?" అని నన్నడిగింది, ఆయన వినిపించుకునే స్థితిలో లేడు కాబట్టి. "జలుబు" అన్నాను నేను. ఆ అమ్మాయి పాపం కాగితం సంచి తెచ్చి ఒళ్ళో పెట్టి, ఆయన వీపు మీద రెండుసార్లు మెల్లగా రాసింది. తువ్వాల కిందనుంచి బావ, "ఎవడ్రా అది, చెయ్యి తియ్యి, కదులుతోంది" అన్నాడు. ఆ అమ్మాయికి తెలుగు రాదు. "బ్లెస్ యూ సర్" అని వెళ్ళిపోయింది.

చాలాసేపటికి ముసుగు తీశాడు. మొహమంతా చెమట. ఫోను నా చేతికిచ్చాడు. ఫోటో అంతా నలుపు. ఒక మూల ఎవరో పసుపు చల్లినట్టు కొంచెం వెలుగు. దానికి కాస్త ఎడంగా ఒకే ఒక చుక్క.

"ఇది ఫోటోనా బావా? ఫోనుకి కళ్ళు పోయినట్టుంది."

"అది కనిగిరి. ఈ నల్లగా ముద్దలా ఉందే, అది కొండ. కొండమీద లైట్లుండవు, అందుకని తెలుస్తుంది. ఇదిగో, ఈ చుక్క మా అక్క ఇల్లు."

"పో బావా. ఇంత ఎత్తునుంచి ఒక బల్బు కనపడుద్దా? అద్దం మీద మరక అయ్యుంటది."

బావ వేళ్ళు పెట్టి బొమ్మను లాగాడు. చుక్క పెద్దదయింది. ఇంకా లాగాడు. పలుచనై, గళ్ళుగళ్ళుగా విడిపోయి, చివరికి ఏమీ లేకుండా పోయింది. మళ్ళీ చిన్నది చేశాడు. చుక్క వచ్చింది.

"ఇల్లు ఊరికి వెలుపల. వాకిట్లో లైటు పడుకునేదాకా తీయదు. చిన్నప్పట్నించీ చీకటంటే భయం దానికి" అన్నాడు.

"అక్కను చూడాలంటే పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటావుగా. ఈ తిరుగుడంతా ఎందుకు?"

"పోకూడదు."

అప్పుడు చెప్పాడు. వాళ్ళమ్మ పోయిననాడు ఆయన పత్తి పని మీద మహారాష్ట్రలో ఏదో ఊళ్ళో ఉన్నాడు. లాడ్జీకి కబురు వచ్చేసరికి ఆయన మిల్లులో ఉన్నాడు. కబురు అందగానే రైళ్ళు మారి, లారీ ఎక్కి, మర్నాడు పొద్దున ఇంటికి చేరాడు. అప్పటికే సమాధుల తోటలో మట్టి కప్పేశారు. ముందురోజు సాయంత్రమే అయిపోయింది. వాకిట్లో నిలబడి అక్కతో, "నాకోసం ఒక్క పూట ఆగలేకపోయావు. ఇక ఈ గడప తొక్కను" అన్నాడు. వెనక్కి తిరిగి వచ్చేశాడు. తొక్కలేదు. ఉత్తరం లేదు, ఫోను లేదు. ఏళ్ళు గడిచినాయి.

"మరి ఇదేమిటి?" అన్నాను ఫోను చూపించి.

"గడప తొక్కనన్నాను. కప్పు చూడనన్నానా?"

నేను పకపకా నవ్వాను. ముందు సీటువాడు వెనక్కి తిరిగి చూశాడు. బావ నవ్వలేదు. తువ్వాలును మడత పెట్టి, మడత మీద చేత్తో రాసి, ఒళ్ళో పెట్టుకున్నాడు. మెడ్రాసు దీపాలు కిందనుంచి పైకి లేచి వస్తుంటే నేనే చూశాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆ దీపాలు ఆయనకు ఎందుకూ పనికిరావు. దిగబోయేముందు టీకొట్టులో మాకు చూపించడానికి ఒక ఫోటో తీసుకున్నాడంతే.

ఆ తర్వాత కొన్నాళ్ళకు కనిగిరిలో నా పాత సహోద్యోగి ఇంట్లో పెళ్ళికి వెళ్ళాను. భోజనాలయ్యాక కాళ్ళు వాటంతటవే ఊరు దాటాయి. కాళ్ళమీద నెట్టడం అన్యాయం, నేనే వెళ్ళాను. రేకుల కప్పు ఇల్లు, వాకిట్లో స్తంభానికి లైటు. గడపమీద ఒక ముసలావిడ కూర్చుని చేటలో ఎండుమిరపకాయలకు ముచ్చికలు తీస్తోంది. కళ్ళజోడుకు ఒకవైపు దారం కట్టింది. నన్ను ఎగాదిగా చూసింది.

"యాడ నుంచయ్యా?"

"గుంటూరు నుంచక్కా."

చేతులాగినాయి. "వాడి కాడ నుంచా? ఎట్టుండాడు?"

"బావ నెలనెలా విమానంలో మీ ఇంటిమీదుగా పోతున్నాడక్కా. కిటికీలోంచి మీ ఇల్లు చూసి, ప్రార్థన చేసి, కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు."

నెలనెలా అబద్ధం. ప్రార్థన అబద్ధం. కళ్ళనీళ్ళ సంగతి తువ్వాల కింద జరిగేది కాబట్టి నాకు తెలియదు.

ఆమె తలెత్తి ఆకాశం వైపు చూసింది, ఇప్పుడే అక్కడున్నాడేమో అన్నట్టు. "నాకు కనపడకుండా నన్ను చూస్తాడా? గద్ద కోడిపిల్లను చూసినట్టు?"

"ప్రేమక్కా."

"ప్రేమైతే కాళ్ళు చాలు. రెక్కలెందుకు?"

"గడప తొక్కనన్నాడంటగా."

"ఈ గడపేగా?" అరచేత్తో కూర్చున్నచోటే చరిచింది. "తవ్వించి రోడ్డున పారేస్తా. అప్పుడేం తొక్కడో చూస్తా." మళ్ళీ మిరపకాయలు తీసుకుంది. కాసేపటికి తనలో తను అనుకున్నట్టు, "అమ్మ పోయినప్పుడు ఎండలు ముదిరిన రోజులు. ఐసు పెట్టెలు ఈ పక్క యాడుండాయి అప్పుడు? లాడ్జీకి ఫోను చేపిస్తే లేడన్నారు. ఇంకోసారి చేపిచ్చా, లేడన్నారు. వచ్చినోళ్ళంతా నా మొహమే చూస్తా కూసున్నారు. ఎత్తండన్నా. ఎవరూ అనలా, నేనే అన్నా" అంది.

నేనూ చేటలోంచి ఒక మిరపకాయ తీసుకుని ముచ్చిక తుంచాను. నా చేతికి ఆ పని కొత్త.

లేచి వస్తుంటే అడిగింది. "ఏ వేళకు పోద్ది ఆ విమానం?"

"చీకటి పడ్డాక, భోజనాల వేళకు ముందు."

"ఇకనుంచి ఆ వేళకు లైటు ఆర్పేస్తానని చెప్పు. చూడాలనుంటే వచ్చి చూడమను."

గుంటూరు వచ్చి, టీకొట్టులో బావ పక్కన కూర్చుని, "మీ అక్క గడప తవ్వించేసింది బావా. నా కళ్ళతో చూశాను. గుమ్మంలో ఒట్టి నేల ఉంది. ఇక తొక్కడానికి గడపే లేదు, పద" అన్నాను.

బావ టీ గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. "నిజంగానా?"

ఆ మొహం చూశాక అబద్ధం నిలపలేకపోయాను. "లేదు. తవ్విస్తానంది. అన్న మాట నిజం." లైటు సంగతి కూడా చెప్పాను. నా పింజ మీద ఏదో అంటాడని చూశాను.

"గడపమీద కూర్చుందా?"

"కూర్చుంది. ముచ్చికలు తీస్తోంది."

"అమ్మ కూర్చునేది అక్కడే" అన్నాడు. టీ చల్లారిపోయినా తాగాడు.

తర్వాత ఒక్కడే మళ్ళీ ఆ చుట్టుదారి ప్రయాణం చేసి వచ్చాడు. వచ్చిన పొద్దున్నే మా ఇంటికొచ్చి తలుపు కొట్టాడు. చేతిలో ఫోను. అందులో కొండ ఉంది, కనిగిరి పసుపు ఉంది. ఎడంగా ఉండాల్సిన చుక్క లేదు.

"లైటు లేదురా. అక్కకు ఒంట్లో బాగాలేదేమో."

"నేను చెప్పలా? నువ్వు రావాలని ఆర్పేసింది."

"నువ్వు ఊరుకో. గడప తవ్వించిందని కూడా నువ్వే చెప్పావు."

బావ ఇంటికి కూడా పోకుండా, అదే సంచితో, బస్టాండుకు వెళ్ళి కనిగిరి బస్సెక్కాడు. ఆ రోజంతా నేను కాలు కాలిన పిల్లిలా తిరిగాను. పంతం ఇవాళ్టితో తీరింది, అక్కాతమ్ముళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటారు, ఆ ఏడుపు నేనైతే ఎట్లా వర్ణిస్తాను అని లోలోపల మాటలు కూర్చుకుంటున్నాను కూడా. దీపాలు పెట్టేవేళకు బావ వచ్చాడు.

"చూశావా అక్కను?"

"లేదు. పాలు పోసేవాణ్ణి అడిగా. పొద్దున గిన్నె తెచ్చుకుందట. కొలత తక్కువ పోశాడని వాడి ఏడు తరాలనూ తిట్టిందట." నవ్వాడు. "బాగానే ఉంది."

"అంత దూరం పోయి, చూడకుండా ఎట్లా వచ్చావయ్యా?"

"రోడ్డుమీద నిలబడి చూశా. కప్పు రేకులు కొత్తవి వేయించింది."

ఆ తర్వాత నెలనెలా వెళ్ళి రోడ్డుమీద నిలబడి వచ్చేవాడని రాయాలని నా చెయ్యి లాగుతోంది. వెళ్ళలేదు. వానలు పట్టుకున్నాయి. ఆయనకు మోకాళ్ళు పట్టేశాయి, వెనకే ఆయాసం మొదలైంది. విమానం కూడా ఎక్కలేదు. "చుక్క లేనిచోట ఏం తీస్తాం" అన్నాడు. సాయంత్రాలు టీకొట్టు బల్లమీద కూర్చుని పాత ఫోటోలో చుక్కను లాగేవాడు, అది విడిపోయేదాకా. మళ్ళీ దగ్గరికి చేర్చేవాడు. పలకరించినా తల ఎత్తేవాడు కాదు.

ఆసుపత్రిలో చేర్చిన రోజు నర్సు, "పేషెంటు తాలూకు ఎవరు?" అంది. నేను లేచాను. "మీరేమవుతారు?" "బావని." "అయితే ఆయన చెల్లెలు రాలేదా?" అంది, మా ఆవిడ ఆయన చెల్లెలనుకుని. ఆయాసంలోనే బావ నవ్వాడు. "చూశావా, ఇన్నాళ్ళకు చుట్టరికం కుదిరింది" అన్నాడు. అక్కకు కబురు చేస్తానన్నాను. "రేపు చేద్దువులే, కాస్త తేరుకున్నాక. ఈ మొహంతో చూస్తే తిడుతుంది" అన్నాడు. రేపటిదాకా ఆయన లేడు.

ఫోనులో ఆమెకు చెప్పాను. "తీసుకురా" అంది.

వ్యానులో తీసుకెళ్ళాం. నేను, టీకొట్టు యజమాని, వాళ్ళ చర్చి కుర్రాళ్ళిద్దరు. వాకిట్లో దించి, ఎత్తుకుని గుమ్మందాకా వెళ్ళి ఆగిపోయాం. గడప ఉంది. ఆయన మాట ఆయనది, నిలబెట్టేవాళ్ళం మేమే కదా ఇప్పుడు. ఆమె లోపల నిలబడి ఉంది. నా మొహం చూసి విషయం అర్థం చేసుకుంది.

"తొక్కనన్నాడు. తొక్కట్లేదుగా. మోసేది మీరు. తేండి లోపలికి."

తీసుకెళ్ళాం. కొత్త రేకుల కింద పడుకోబెట్టాం. ఐసు పెట్టె ముందే తెప్పించి ఉంచింది.

సాయంత్రం పాటలు, ప్రార్థన అయ్యాక పాస్టరుగారు ఆమె దగ్గరకొచ్చి, "ఇక బయల్దేరదామా అమ్మా?" అన్నారు.

"ఆగండి అయ్యగారూ."

"ఎవరన్నా రావాల్సినవాళ్ళు ఉన్నారా?"

"ఉంటారు ఎవరో ఒకరు. యాడన్నా దూరాన ఉండి, కబురందక..."

నేను దగ్గరికి వెళ్ళి మెల్లగా చెప్పాను. "అక్కా, బావకు ఎవరూ లేరు. నువ్వున్నావు, నేనున్నాను. ఇద్దరం ఇక్కడే ఉన్నాం."

"నీ మాట నమ్మేదేందయ్యా" అంది. కోపంగా అనలేదు. "పెట్టె ఉంది గదా ఇప్పుడు. ఆగుద్ది. ఆగనీండి."

ఆగాం. మర్నాడు కూడా ఆగాం. రోడ్డుమీద బస్సు ఆగిన చప్పుడైతే చాలు, గడప దగ్గరికి వచ్చి చూసేది. ఎవరో దిగేవాళ్ళు, ఎటో పోయేవాళ్ళు.

ఎప్పుడో బావ దగ్గర దూది అమ్ముకున్న మహారాష్ట్ర రైతు ఒకడు కబురు తెలిసి, రాత్రంతా ప్రయాణం చేసి, దుమ్ముకొట్టుకుపోయిన కాళ్ళతో పరుగున వచ్చాడని ఇక్కడ నేను రాయగలను. బాగా రాయగలను కూడా. మీరు నమ్ముతారు.

ఎవరూ రాలేదు. ఎండ వాలాక ఆమె లేచి, కొంగు నడుముకు దోపుకుని, పెట్టెమీద ఒకసారి చెయ్యి వేసి, "ఇక ఎత్తండి" అంది.